అగ్గిపెట్టెలో అర స్కిల్లింగ్

యోన్‌షోపింగ్‌లో నవంబరు.
మూడు కొట్టకముందే సరస్సు మీది వెలుతురు
మూటాముల్లె సర్దుకుంటుంది.
అందుకే రాగిని నేను మధ్యాహ్నంలోపే చూస్తాను,
ఉత్తరపు కిటికీ దగ్గర, దీపం ఆర్పేసి.

యోర్డిస్ లారీని అడ్డదిడ్డంగా ఆపి వచ్చింది.
చేతిలో అగ్గిపెట్టె, అందులో అణిగిపోయిన దూది,
దూది మీద రెండు వందల ఏళ్ల అర స్కిల్లింగ్.
"ఈ రంగు నిజందేనా?"

ఒకదాన్నొకటి కోసుకునే రెండు బాణాల మీద ఊదా,
కిరీటం దగ్గరికొచ్చేసరికి నీలం,
అంచున, పావురం మెడ తిప్పినప్పుడు మాత్రమే
కనబడి మాయమయ్యే ఆ పచ్చ.

రాగి ఎర్రగా పుడుతుంది.
ఎవరు ఆపినా ఆగకుండా గోధుమకి తిరుగుతుంది.
చెమ్మ తగిలితే చిలుము పడుతుంది.
నీలం మాత్రం దాని ఇంటి భాష కాదు,
ఎవరో నేర్పాలి.
ఎవరు నేర్పారు, ఎంత తొందరపడి నేర్పారు?
నాకిచ్చే కూలి ఆ రెండు ప్రశ్నలకే.

నేర్పేవాళ్ళకేం, బోలెడుమంది.
బంగాళాదుంపలో గంధకం కూరి నాణెంతో సహా కాల్చేవాళ్ళు,
ఉడికిన గుడ్డు పక్కన సీసాలో మూతబెట్టేవాళ్ళు.
ఏడేళ్ల కిందట ఉప్సాల నుంచి వచ్చిన ఒకదానికి
సహజమని సంతకం పెట్టాను.
కొన్నాయన అసిటోన్‌లో ముంచితే
సాయంత్రమంతా సీసా అడుక్కి దిగిపోయిందట.
లక్క పూత.
డబ్బు తిరిగిచ్చేశాను.
సంతకం ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంది.

వాసన చూశాను. పాత అట్ట, అంతే.
వేళ్ల మధ్య అంచు పట్టుకుని వాలుగా తిప్పాను.
దొంగ రంగుకి ఓపిక ఉండదు,
పసుపు మెట్టు, నారింజ మెట్టు ఎక్కకుండానే
నీలంలోకి దూకేస్తుంది.
నిన్నటి గీతలోకీ, తాతలనాటి గీతలోకీ
ఒకేలా పాకుతుంది.
ఇది అలా లేదు.
పాత గీతల్లో నిండా కూర్చుంది,
కొత్త గీత ఒడ్డున ఆగిపోయింది.
ఆ గీతలో రాగి ఇంకా పసిగుడ్డులా ఎర్రగా.

"ఎవరిదిది?"
"అమ్మమ్మ వాళ్ళమ్మది. ఎబ్బా.
ఇక్కడే అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో పెట్టెలు నింపేది.
ఎవరిచ్చారో చచ్చినా చెప్పలేదు.
నిండు పెట్టెలో, పుల్లల మీదే పెట్టి మూసేసింది."
"పుల్లలేవీ?"
"చిన్నప్పుడు మా అన్న అన్నీ గీసి చూశాడు.
ఒక్కటీ అంటుకోలేదు."

నేను నాణెం వైపు చూశాను.

భూతద్దం ఇంకొంచెం వంచితే,
కిరీటం కింద, రంగు మీద కాదు, రంగు లోపల,
బొటనవేలి ముద్ర.
చర్మపు జిడ్డు అంటిన చోట ఊదా, అంటని చోట నీలం,
చిన్న సుడిగుండం.
రంగు రాకముందే వేలు వచ్చింది.
కేటలాగులో దాన్ని లోపం అంటారు, ధర సగానికి పడిపోతుంది.
నాకు మాత్రం అంతకు మించిన సాక్షి దొరకదు.

కాగితం మీద మూడు గళ్ళు:
సహజం, అసహజం, చెప్పలేం.
మనిషి మడిచిన పెట్టె, మనిషి నూరిన గంధకం,
ఏదో తలుచుకుంటూ మనిషి నొక్కిన వేలు.
వీటన్నిటినీ కలిపి సహజం అనాలట!
నీలం కావాలని ఎవరూ అడక్కపోవడం,
నా దగ్గరున్న కొలబద్ద అదొక్కటే.
మొదటి గడిలో టిక్కు పెట్టాను.
సంతకం మాత్రం ఈసారి నెమ్మదిగా.

"ఆ ముద్ర తీసేయొచ్చా?"
"తీయొచ్చు. నీలం కూడా దానితోపాటే పోతుంది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత తన బొటనవేలిని
నాణానికి తగలకుండా, గాల్లోనే,
ఆ సుడి మీద పట్టి చూసుకుంది.
"నాదే పెద్దది," అంది.

బయట లారీ అద్దానికి
పార్కింగ్ జరిమానా చీటీ,
మంచుకి తడిసి, పసుపంతా కారిపోతూ.